గోపాల్‌రావు చెడగొట్టిన అద్దం

కరీంనగర్,
27 ఫిబ్రవరి 2025.

లక్సెట్టిపేటలోని శ్రీ గోపాల్‌రావు గారికి,

కరీంనగర్ నుంచి జహీర్ సలాము చేసి రాసేది. మేమిక్కడ బాగానే ఉన్నాం. రంజాను దగ్గరపడింది కాబట్టి ఇంట్లో ఆ హడావుడి ఉంది. అక్కడ మీరు, లీలాబాయి వదిన, మీ అబ్బాయి విక్రాంత్, పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారని అనుకుంటాను.

నా మర్యాద ఇంతవరకే వచ్చింది. నిన్ను 'మీరు' అంటూ నాలుగు పేజీలు రాయడం నాకు చేతకాదు. ముప్పై తొమ్మిదేళ్ళుగా మన మధ్య మాటల్లేవు, నిజమే. కానీ ఇన్నేళ్ళూ మనసులో నిన్ను తిట్టుకున్నదంతా 'నువ్వు' అనే.

ముందు చెప్పవలసింది ముందే చెబుతాను. చివరిదాకా చదవకుండా పొయ్యిలో పెట్టినా ఈ ఒక్క సంగతి నీ కంట పడాలి. మనం రుద్దిన అద్దం చెడిపోలేదు. నువ్వు దాన్ని చెడగొట్టలేదు. దోషం నా కంట్లో ఉంది.

రెండో సంగతి. నీ మనవరాలు ప్రజ్ఞకు పుణేలో దూరదర్శినుల అద్దాలు తయారుచేసే చోట శిక్షణకు పిలుపు వచ్చింది. హోళీ లోపల చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. నువ్వు వద్దన్నావు. ఏ కారణం చెప్పి వద్దన్నావో ఆ పిల్ల నాకు చెప్పింది. ఆ కారణాన్ని తయారుచేసినవాణ్ణి నేను. అందుకే ఈ ఉత్తరం.

నీకు తెలిసిన సంగతులే మళ్ళీ రాస్తాను, విసుక్కోకు. వీటినే నేనొకసారి వ్యాసంగా రాశాను, అది అచ్చయింది, జిరాక్సులై తిరిగింది. అందులో ఉన్నది తప్పు. ఈసారి జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద ఉండాలి.

తోకచుక్క వస్తోందని దేశమంతా గోల పెడుతున్న ఏడాది అది. నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి, సాయంత్రాలు మా కళ్ళద్దాల దుకాణంలో కూర్చునేవాణ్ణి. నువ్వు మీ అవ్వకు అద్దాలు చేయించడానికి వచ్చి, గల్లాపెట్టె మీద నేను పెట్టుకున్న దూరదర్శిని బొమ్మ చూసి, "గిది మనం చేసుకోరాదా?" అని అడిగావు. మనం అన్నావు చూడు, అక్కడ పడ్డాను నీ స్నేహంలో. బొంబాయిలో పాత ఓడల కిటికీ గాజులు అమ్మే చోటు నుంచి పది అంగుళాల బిళ్ళలు రెండు, లారీలో పత్తి మూటల మధ్య దాచి తెప్పించింది నువ్వే. దుకాణం వెనక గదిలో నూనె డ్రమ్ము మీద ఒక బిళ్ళ బిగించాం. దాని మీద గరుకు పొడి, నీళ్ళు చల్లి రెండో బిళ్ళతో రుద్దాం. అలా రుద్దుతూ పోతే పైబిళ్ళ గుంట పడుతుంది, కిందిది ఉబ్బుతుంది. ఆ గుంట పడ్డదే దూరదర్శినికి ప్రాణం. రుద్దేవాడు డ్రమ్ము చుట్టూ నడుస్తూ ఉండాలి, చేతిలోని గాజును కూడా కొంచెం కొంచెం తిప్పుతూ ఉండాలి. తిప్పడం మరిచిపోతే ఒక పక్క ఎక్కువ అరిగి, చుక్క చుక్కలా కనబడక గీతలా సాగుతుంది. మీ బాపు ఒకరోజు వచ్చి, నువ్వు డ్రమ్ము చుట్టూ తిరగడం గుమ్మంలోంచి చూసి, "ఇంట్ల ఎడ్లు కరువైనయారా, నువ్వొచ్చి గానుగ తిరుగుతున్నవ్?" అన్నాడు. మనం నవ్వి నవ్వి పొడి అంతా కింద పోశాం.

ఫిబ్రవరిలో నన్ను ప్రాక్టికల్ పరీక్షలకు ఆదిలాబాద్ పంపారు. ఆ వారమంతా మెరుగు పెట్టే పని నువ్వొక్కడివే చేశావు. నేను తిరిగి వచ్చేసరికి వెండి పూత కూడా అయిపోయింది. గొట్టంలో బిగించి మేడ మీదికి ఎక్కించాం. సైన్సు క్లబ్బు వాళ్ళందరూ వచ్చారు, కార్యదర్శి భానుప్రసాద్ ముందు వరుసలో ఉన్నాడు.

పునర్వసు నక్షత్రంలో రెండు చుక్కలు ఉత్త కంటికే కనిపిస్తాయి. వాటిలో ఉత్తరం పక్క ఉన్నదాన్ని కాస్టర్ అంటారు. మంచి అద్దంతో చూస్తే ఆ ఒక్క చుక్క మళ్ళీ రెండుగా విడిపోతుంది. కొత్త అద్దానికి అదొక పరీక్ష. నేను నా కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని చూశాను. పుస్తకాల్లో అలాగే ఉంది. దూరదర్శిని దగ్గర కళ్ళద్దాలు అక్కర్లేదు, మర తిప్పి చూపు సరిచేసుకుంటే చాలునని. నాకు కనబడింది చీపురుపుల్ల ముక్కలాంటి గీత. తర్వాత నువ్వు వంగి చూసి, "రెండున్నయిరా జహీరూ! జొన్నగింజలోలె, రెండు!" అని అరిచావు.

నేనేమన్నానో నీకు గుర్తుంటుంది. అయినా రాస్తాను. "నా పుస్తకంల సదివింది చెప్తున్నవ్, కంటితోని చూసింది కాదు" అన్నాను. అక్కడైనా ఆగవలసింది. "దొరల చేతులకు మీసం తిప్పుడు అలవాటు, అద్దం తిప్పుమంటే యాడ తిప్పుతయి" అన్నాను. భానుప్రసాద్ చప్పట్లు కొట్టి నవ్వాడు. అతను ఇప్పుడు లేడు, పోయినవాణ్ణి ఏమీ అనకూడదంటారు. నేనంటాను. జీవితంలో ఒక్క చుక్కనైనా తన కంటితో వెతికి పట్టుకోని ఆ మనిషి ఆ రోజు నా కోపానికి చప్పట్లు కొట్టి దాన్ని శాస్త్రం చేశాడు. క్లబ్బు పత్రికకు ఆ వ్యాసం రాయించిందీ అతనే. కానీ రాసిన చెయ్యి నాది. నువ్వు తువ్వాలతో చేతులు తుడుచుకుని, ఎవరి ముఖమూ చూడకుండా మెట్లు దిగి బస్టాండుకు వెళ్ళిపోయావు.

అద్దం ఎలా చెడిపోతుందో నేర్పే వ్యాసం అది. నీ పేరు రాయలేదు. "లక్సెట్టిపేట మిత్రుడు" అన్నాను. చదివిన ప్రతివాడికీ అది నువ్వేనని తెలుసు కాబట్టి, పేరు రాయడం కన్నా అది నీచం. తర్వాత రిటైరయ్యేదాకా ఏటా పిల్లలను మేడ మీదికి తీసుకెళ్ళి ఆ అద్దంలో చుక్కను చూపించి, గీత కనిపిస్తోందా అని అడిగేవాణ్ణి. మొదట్లో ఎవరో ఒకరు, "మంచిగనే ఉంది గద సార్" అనేవారు. నీ కంటికి ఇంకా అలవాటు కాలేదు, మళ్ళీ చూడు అనేవాణ్ణి. మళ్ళీ చూసేవారు. కనిపిస్తోంది సార్ అనేవారు. గోపాల్, అంతమంది పిల్లలకు లేని గీతను చూడడం నేర్పాను.

ఈ జిల్లాలో ఖగోళం మీద నేను చదివినన్ని పుస్తకాలు ఇంకెవరూ చదివి ఉండరు. ఇన్నాళ్ళూ దీన్ని గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు ఇదే నా మీద నేరం. చుక్కను గీతగా చూపే అసమదృష్టి అనే కంటిదోషం పాఠం, దర్పణంలోని అదే దోషం పాఠం, రెండూ ఒకే వారంలో చెప్పేవాణ్ణి. ఆ రెంటినీ కలిపి ఒక్కసారి నాకు అన్వయించుకోలేదు.

ఇక ప్రజ్ఞ సంగతి. జనవరిలో ఒకరోజు మా గుమ్మంలో నిలబడి, "మా తాత ఖరాబ్ చేసిన అద్దం మీతాన ఉందట గద సార్. జర సూస్తా" అంది. ఎవరమ్మా మీ తాత అంటే నీ పేరు చెప్పింది. నీ తరఫున పోట్లాటకు వచ్చిందనుకున్నాను. కాదు. చెడిన అద్దాన్ని పరీక్షిస్తే దోషం ఎలా ఉంటుందో నేర్చుకోవచ్చని వచ్చింది, అంతే. పుణే పోవద్దని నువ్వన్న మాట కూడా అప్పుడే చెప్పింది. "సన్నపని మన ఇంటి చేతులకు అచ్చిరాదు బిడ్డా. నేనొక అద్దం ఖరాబ్ చేసిన, పదిమందిల పరువు తీసుకున్న, సాలు. నువ్వు గూడ గా బాట పట్టకు" అన్నావట.

ఆ మాట విన్నప్పుడు నాకు ఇంకా నిజం తెలియదు. అందుకని నేనేం చేశానో చెబుతాను. లోపల్లోపల సంతోషించాను. ఇన్నాళ్ళకు ఒప్పుకున్నాడన్నమాట అనుకున్నాను. ఈ ఉత్తరంలో మిగతావన్నీ రాయగలిగాను గాని, ఈ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను.

వెండి పూత ఎప్పుడో నల్లబడింది. ఆ పిల్ల దాన్ని కడిగేసి, ఉత్త గాజును గోడవారగా నిలబెట్టి, పట్టపగలే తలుపులన్నీ మూసి, చిన్న దీపం, గడ్డం గీసుకునే బ్లేడు పెట్టుకుని కూర్చుంది. దీపం వెలుగు అద్దం మీద పడి తిరిగి వచ్చేచోట బ్లేడు అంచును అడ్డుపెడితే అద్దం మీద నీడలు కదులుతాయి, గాజులో ఎక్కడ గతుకున్నా ఆ నీడల్లో తెలుస్తుంది. ఆ పని మనం కూడా చేశాం. "నీడలు మంచిగనే ఉన్నయి సార్" అంది. ఈ జాతి దోషం బ్లేడుకు దొరకదు, చుక్కను చూస్తేగాని తెలియదన్నాను. అంతవరకు నేను చెప్పింది సరైనదే. ఆమె అద్దాన్ని హైదరాబాద్ తీసుకెళ్ళి, అల్యూమినియం పూత వేయించి, ఈ నెలలో తిరిగి తెచ్చింది.

పోయిన ఆదివారం మగ్రిబ్ నమాజు అయ్యాక మేడ మీద అంతా బిగించింది. కన్ను పెట్టే ఐపీసు తీసేసి, ఆ చోట పది రూపాయల బిళ్ళంత కెమెరా పెట్టి, లాప్‌టాప్‌కు తీగ కలిపింది. ఈ పద్ధతిని నేను సభల్లో ఎంత వెక్కిరించానో నీదాకా వచ్చే ఉంటుంది. కన్ను పెట్టకుండా ఆకాశాన్ని చూసేవాడు, పెళ్ళికి తను రాకుండా ఫోటో పంపిన పెళ్ళికొడుకు అనేవాణ్ణి. జనం నవ్వేవారు. కానీ ఇవాళ ప్రపంచంలో ఏ పెద్ద దూరదర్శినికీ మనిషి కన్ను పెట్టడం లేదు. పడ్డ వెలుగును పడ్డట్టు కెమెరా లెక్కపెడుతుంది. గాలి వణుకు వల్ల చుక్క చెదురుతుంది కాబట్టి, క్షణంలో ఎన్నో ఫోటోలు తీసి, గాలి నిలకడగా ఉన్నప్పటివి మాత్రం ఏరి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. కెమెరాకు గురువు లేడు. ఏది కనబడాలో దానికి ముందే చెప్పి పెట్టేవాడు లేడు.

తెర మీద రెండు వచ్చాయి. గుండ్రంగా.

కంప్యూటరే సరిదిద్ది ఉంటుందన్నాను. ఆమె కెమెరాను పావు వంతు తిప్పి మళ్ళీ తీసింది. గుండ్రమే. అద్దాన్ని పావు వంతు తిప్పి తీసింది. గుండ్రమే. అప్పుడు మెల్లగా, "ఏది తిప్పితే గీత తిరుగుతదో తప్పు దాంట్ల ఉన్నట్టు సార్. అప్పుడు మీరు అద్దం తిప్పి సూసిండ్రా?" అని అడిగింది. లేదన్నాను. "తల పక్కకు వంచి సూసిండ్రా?" అదీ లేదన్నాను. "కోపం చెయ్యకుండ్రి. మీ అద్దాల నంబరెంత సార్?"

ఛాయ్ పట్టుకుని మా తమ్ముడు మోయిజ్ అప్పుడే పైకి వచ్చాడు. దుకాణం ఇప్పుడు అతనిదే. "సిలిండర్ మూడు. ఎన్నేండ్ల సందో నేనే కోస్తున్న. ఎందుకమ్మా?" అన్నాడు. సిలిండర్ ఉన్న కన్ను అడ్డాన్ని ఒకలా, నిలువును ఒకలా చూస్తుంది. దూరదర్శిని మర ఎంత తిప్పినా అది సరికాదు, కళ్ళద్దాలు పెట్టుకోవలసిందే. ప్రజ్ఞ విషయం చెప్పగానే మోయిజ్ ముందు నవ్వాడు. "యా అల్లా! కండ్లద్దాలోళ్ళ ఇంట్ల పుట్టి, కండ్లద్దాలు తీసి చుక్కలు చూస్తవా భాయ్‌జాన్? దుకాణం బోర్డు తీసెయ్యాలె ఇగ!" తర్వాత నా ముఖం చూసి, ఛాయ్ అక్కడ పెట్టి కిందికి దిగిపోయాడు.

ఆమె కెమెరా తీసి ఐపీసు పెట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని చూడమంది. చూశాను. నల్లని నేల మీద రెండు తెల్లని వెలుగులు, ఒకటి కొంచెం ప్రకాశం, ఇంకోటి దాని చెల్లెలిలా ఒక పిసరు తక్కువ. మధ్యలో వెంట్రుకంత చీకటి. రెండు, అన్నాను. ఆ పిల్ల చున్నీతో ముఖం తుడుచుకుంటూ ఫోన్ తీసి వాళ్ళ అమ్మకు, "అమ్మా, తాత మంచిగనే చేసిండే! అద్దం మంచిగుంది! సార్ గూడ సూసిండు!" అని చెప్పింది.

ఇంకో మాట కూడా చెప్పింది. ఆ రెండు చుక్కలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి, ఒక చుట్టుకు వందల ఏళ్ళు. నువ్వు చూసిన రోజుల్లో అవి ఇప్పటికన్నా దగ్గరగా ఉండేవట. అంటే వాటిని విడదీయడం ఇప్పటికన్నా కష్టం. నీ అద్దం ఆ కష్టాన్ని అప్పుడే దాటింది. నీ కన్నూ దాటింది.

ఇంత రాసినా నీ మీద కోపం పూర్తిగా పోలేదు, దాస్తే ఈ ఉత్తరం కూడా అబద్ధమవుతుంది. నువ్వెందుకు పోట్లాడలేదు? రెండు కనిపించాయి కదా నీకు! వాటిని అక్కడే వదిలేసి నా నోటిని ఎందుకు నమ్మావు? మెట్లు దిగేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి, "నీ కండ్లు సూపెట్టుకోపోరా" అని ఉంటే, దుకాణం మాదే కదా, అరగంటలో తేలిపోయేది. నువ్వు పెద్దింటివాడివి, వాదన మీ ఇంట అలవాటు లేదు. నేను చదువుకున్నవాణ్ణి, వినడం నాకు అలవాటు లేదు. మధ్యలో అద్దం ఇన్నాళ్ళు దోషిగా పడి ఉంది. పోనీ నీమట్టుకు నువ్వు నమ్మి ఊరుకున్నా బాగుండేది. నా అబద్ధాన్ని మూటగట్టి మనవరాలికి కూడా ఇచ్చావు.

క్లబ్బు ఎప్పుడో మూతపడింది, తప్పు దిద్ది అచ్చు వేయడానికి పత్రిక లేదు. ఫోన్ నంబర్లు దొరికిన పాత విద్యార్థులకు ఒక్కొక్కరికీ చేసి చెప్పాను. ఒకడు, "ఇప్పుడెందుకు సార్ ఇదంత, ఆరాం చేయిండ్రి" అన్నాడు. ఇంకొకడు, తనకు అప్పుడు కూడా రెండే కనిపించాయని, మార్కులకు భయపడి గీత అన్నానని చెప్పాడు. నేను ఫోన్ పెట్టేశాను.

నిన్ను అడిగేది ఒక్కటే. ప్రజ్ఞను పంపు. మీ ఇంటి చేతులకు సన్నపని వస్తుందనడానికి ఆ అద్దమే సాక్ష్యం. దాన్ని నా కంటితో చూసి చెబుతున్నాను. ఆ రోజు నా మాట నమ్మి చేతులు ముడుచుకున్నావు. ఈ ఒక్కసారి కూడా నా మాటే నమ్మి పిల్లను రైలెక్కించు.

లీలాబాయి వదినకు నా సలాము. ఆమె పంపిన జొన్నరొట్టెలు తిని ఆమె భర్తను తిట్టినవాణ్ణి నేను. ఆమె తీసుకోకపోతే ఆ సలాము నువ్వే దగ్గర పెట్టుకో.

ఇట్లు,
నీ చేతులను నువ్వే అనుమానించేలా చేసినవాడు,
జహీర్

తా.క. పై చేతిరాత నాది కాదని నువ్వు మొదటి వరుసలోనే పట్టి ఉంటావు. చెయ్యి వణుకుతోందని చెప్పి మోయిజ్ బిడ్డ యాస్మీన్‌తో రాయించాను. కవరు తేవడానికి ఆమె దుకాణంలోకి పోయింది. ఈ ముక్కలు నేనే రాస్తున్నాను, వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఓర్చుకుని చదువు.

చెయ్యి వణకడం లేదు గోపాల్. చూపు పోయింది. కంటి వెనక పొర నడిమధ్యలో ఎండిపోయిందని, ఇక ఏ అద్దాలూ పనిచేయవని హైదరాబాద్ డాక్టరు రెండేళ్ళ కిందటే చెప్పాడు. దేన్ని చూడబోతే అదే మాయమవుతుంది, దాని చుట్టూ ఉన్నది మసకగా మిగులుతుంది. ఇంట్లో చెప్పలేదు. మోయిజ్‌కు అనుమానం ఉంది గాని అడగడు.

ఆదివారం నాకు రెండు కనిపించలేదు. ఒకటీ కనిపించలేదు. బూడిదరంగు మచ్చ ఒకటి ఉంది, అది నా కంటిదే. తెర మీద రెండు వచ్చాయన్నది కూడా ఆ పిల్ల నోట విన్నదే. పైన రాయించిన వర్ణన చదివిన పుస్తకాలది. ఆమె ఊపిరి బిగబట్టి పక్కన నిలబడింది. కనబడడం లేదని చెప్పడానికి నోరు రాలేదు. చూడకుండా చూశానంటున్నావని నిన్ను పదిమందిలో నిలబెట్టి తిట్టినవాణ్ణి, నేనే చూడకుండా చూశానన్నాను.

ప్రజ్ఞ ఈ అద్దం పరీక్ష గురించిన తన రిపోర్టులో జహీర్ సార్ స్వయంగా కంటితో చూసి ధ్రువపరిచారని రాసుకుంది. ఆ వాక్యం కొట్టేయమను. ఆమె మొదటి రిపోర్టులోనే నా అబద్ధం ఉండకూడదు. నేనే చెబుదామని ఎన్నిసార్లో ఫోన్ చేతిలోకి తీసుకుని పెట్టేశాను. ఈ తా.క. నువ్వు ఆమెకు చదివి వినిపించు.

నా మాట నమ్మి పంపమని పైన అన్నాను కదా, దాన్నీ కొట్టేయి. నా మాట మీద పంపకు. నువ్వు అప్పుడు చూసింది ఉంది, ఆమె ఇప్పుడు కొలిచింది ఉంది. రెండూ కలిశాయి. అందులో నా అవసరం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. వాటి మీద పంపు.

నన్ను తిట్టాలనిపిస్తే ఉత్తరం రాయకు. రాస్తే యాస్మీనే చదివి వినిపించాలి, పాపం చిన్నపిల్ల. వచ్చి తిట్టు.